విండోస్ 11 నుంచి వెనక్కి వెళ్లాలంటే ముందు పాత డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టు

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. నీ ప్రశ్న చాలా పొడుగుంది. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే దిద్దు.

తిరుపతి కొర్లగుంటలో మీ ఇల్లు. ఇంట్లో ఒక్కటే కంప్యూటర్. ఎనిమిదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పగలు మీ నాన్నగారు దాని మీద పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌లో శుభలేఖలు, విజిటింగ్ కార్డులు చేస్తారు. సాయంత్రం మీ చెల్లెలు చదువుకుంటుంది. మూడు వారాల కిందట విండోస్ 10లో '11 సిద్ధంగా ఉంది' అని వస్తే నొక్కేశావు. అప్పటినుంచి ఆన్ అవడానికి ఐదు నిమిషాలు పడుతోంది. స్కానర్ పలకడం లేదు. అను ఫాంట్లలో కొడితే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. 'బాగున్నదాన్ని కెలికి పెట్టినావు' అని నాన్నగారు రోజూ అంటున్నారు. మీ బావ ఏమో 'అన్నిటికంటే 7 బెస్ట్, అది వేసెయ్' అన్నాడు. 7 వేయాలా, 10 వేయాలా, ఫైళ్లు పోకుండా ఎలా అని అడిగావు.

7 వద్దు. 10కి పోవచ్చు, పెద్ద కష్టం కాదు. అయితే ఇప్పుడున్న డిస్క్ మీద మాత్రం ఆ పని చేయొద్దు. ఇంకో మాట, నువ్వు రాసిన మూడు బాధల్లో రెండింటికి అసలు వెనక్కి వెళ్లాల్సిన పనే లేకపోవచ్చు.

నేను గాంధీ రోడ్డు పక్క సందులో పందొమ్మిదేళ్లుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. ఎక్స్‌పీ తీసి 7 వేసినప్పుడూ ఇదే మాట విన్నాను, 7 తీసి 10 వేసినప్పుడూ ఇదే మాట విన్నాను. 'పాతదే బాగుండింది సార్.' కొన్నిసార్లు నిజమే. ఎక్కువసార్లు మాత్రం మెషిన్ లోపల ఎప్పట్నుంచో ఉన్న జబ్బు కొత్త విండోస్ వేశాక బయటపడుతుంది.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో రికవరీ, అక్కడ 'గో బ్యాక్' నొక్కితే పనిచేయలేదన్నావు. పనిచేయదు. 11కి మారిన పది రోజుల్లోపే అది పనిచేస్తుంది. పాత విండోస్ మొత్తం సీ డ్రైవ్‌లో 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డర్‌లో ఉంటుంది. పది రోజులు దాటితే సిస్టమే దాన్ని తీసేస్తుంది. జాగా చాలట్లేదని డిస్క్ క్లీనప్‌లో టిక్కు పెట్టి మనమే ముందుగా తీసేసినా అంతే. ఇది చదివేవాళ్లలో ఎవరైనా నిన్నో మొన్నో 11కి మారి నచ్చక కూర్చుని ఉంటే మిగతాదంతా చదవొద్దు, ఇప్పుడే ఆ బటన్ నొక్కండి. నీకు ఆ దారి మూసుకుపోయింది, వదిలెయ్.

స్లో సంగతి చూద్దాం. కంప్యూటర్ ఆన్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ అనే చోట డిస్క్ మీద నొక్కితే పక్కన 'హెచ్‌డీడీ' అని ఉంటుంది. దాని శాతం చూడు. నా పందెం ఏంటంటే ఆన్ చేసిన మొదటి పది నిమిషాలూ అది వంద దగ్గరే తచ్చాడుతుంది. ప్రాసెసర్ మాత్రం ఇరవై, ముప్పై దగ్గర ఖాళీగా కూర్చుని ఉంటుంది. పని చేయాల్సినవాడు సిద్ధంగా ఉన్నాడు, సరుకు తెచ్చేవాడు మాత్రం కొండ మెట్లెక్కి వస్తున్నాడు.

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరుగుతూ ఉంటుంది. డెస్క్‌టాప్ డిస్కుల్లో ఎక్కువ నిమిషానికి 7200 చుట్లు. దాని మీద సూదిలాంటి తల అటూ ఇటూ జరిగి చదవాలి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లయితే సెకనుకు వందకు అటూ ఇటూ మాత్రమే అందుకోగలదు. తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్క్, ఎస్‌ఎస్‌డీ అంటారు, దానికి అదే పని సెకనుకు వేలల్లో. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు చదివేవన్నీ ఇలాంటి చిన్న ఫైళ్లే. దీనికి తోడు 4 జీబీ ర్యామ్. 11కి కనీసం కావాల్సింది 4 జీబీ అని మైక్రోసాఫ్టే రాసింది, కానీ కనీసం అంటే లేచి నిలబడటానికి సరిపోయేంత. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ర్యామ్ నిండుతుంది. పట్టనిదంతా విండోస్ డిస్క్ మీదే దాచుకోవడం మొదలుపెడుతుంది. ఆ డిస్క్ ముందే ఊపిరాడక ఉంది. ఇదే నీ ఐదు నిమిషాలు. ఈ మెషిన్‌లో 10 వేసినా మూడు నిమిషాలకు దిగుతుందేమో, ముప్పై సెకన్లకు మాత్రం దిగదు.

ఇక టైపింగ్. అను ఫాంట్లు యూనికోడ్ కావు. అంటే కంప్యూటర్ దృష్టిలో నాన్నగారు కొడుతున్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, వాటికి తెలుగు బొమ్మలు తొడిగినట్టు. మధ్యలో అను స్క్రిప్ట్ మేనేజర్ కూర్చుని ఒక్కో మీటనూ పట్టుకుని దానికి తగ్గ ముక్కగా మార్చి పేజ్‌మేకర్‌కు అందిస్తుంది. విండోస్ విస్టా నుంచి ఒక నియమం ఉంది. ఒక ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే, మామూలుగా నడిచే ఇంకో ప్రోగ్రామ్ దాని మీటల్లో వేలు పెట్టలేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అది సరిగ్గా నడవాలని దానికి చాలామంది 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' పెట్టేస్తారు. స్క్రిప్ట్ మేనేజర్‌కు పెట్టడం మర్చిపోతారు. అప్పుడు తెలుగు రాదు, ఇంగ్లీషు పడుతుంది. అదే నోట్‌ప్యాడ్‌లోనో వర్డ్‌లోనో చూస్తే మీటలు సరిగ్గానే మారుతుంటాయి, మనకు పిచ్చెక్కుతుంది.

కాబట్టి రెండింటి ఐకాన్ల మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, రెండింటికీ ఆ టిక్కు పెట్టు. పెడితే రెండింటికీ, తీస్తే రెండింటికీ. ముందు స్క్రిప్ట్ మేనేజర్ తెరిచి, తర్వాత పేజ్‌మేకర్ తెరువు. మొన్న భవానీనగర్ నుంచి ఒకాయన సీపీయూ స్కూటర్ మీద పెట్టుకుని తెచ్చారు. పని రెండు నిమిషాలు. ఆయన అంతకుముందే ఇంకెక్కడో మొత్తం ఫార్మాట్ చేయించుకుని వచ్చారు. ఫార్మాట్ చేశాక కూడా అదే బాధ.

స్కానర్. నువ్వు మోడల్ రాయలేదు గానీ ఒక లెక్క చెప్తాను. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు, అంతా 64 బిట్. 32 బిట్ 10 మీద నుంచి నేరుగా 11కి మారడం కుదరదు. నువ్వు నేరుగా మారగలిగావంటే ముందున్న నీ 10 కూడా 64 బిట్టే. దాని మీద స్కానర్ నడిచింది. అంటే ఆ డ్రైవరే (స్కానర్‌ను విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్) 11 మీద కూడా నడిచే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే 10 డ్రైవర్లు మామూలుగా 11కి సరిపోతాయి. పాత డ్రైవర్ తీసేసి, కంపెనీ సైట్ నుంచి 10కి ఇచ్చినదాన్ని దించి మళ్లీ వేయి. అప్పటికీ పలకకపోతే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, దాంట్లో కోర్ ఐసొలేషన్ చూడు. అక్కడ 'మెమరీ ఇంటెగ్రిటీ' ఆన్‌లో ఉంటే కొన్ని పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. ఆపి చూడొచ్చు. అది కాపలాదారుని ఇంటికి పంపడం లాంటిదే, అందుకని దానివల్ల తేడా రాకపోతే మళ్లీ ఆన్ చేసెయ్.

ఇవి చేశాక కూడా 'లేదు, నాకు పాతదే కావాలి' అనుకుంటే తప్పేం లేదు. మీ నాన్నగారికి అలవాటైన చోట అలవాటైన బటన్ ఉండటం కూడా పనిలో భాగమే. నేను దాన్ని తక్కువ చేయను.

మీ బావ చెప్పిన 7 సంగతి ఇప్పుడు. 7 మంచి విండోస్, నాకూ ఇష్టమే. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగింది. క్రోమ్ 109తో ఆపేసింది, అది 2023 జనవరిది. కొత్త సైట్లు ఒక్కొక్కటే తెరుచుకోవడం మానేస్తాయి. మీ చెల్లెలి చదువు ముందు అక్కడే ఆగుతుంది. వీటన్నిటికంటే ముందు అసలు నీ మెషిన్‌లో అది ఎక్కడమే పెద్ద పని. ఇంటెల్ ఏడో తరం నుంచి 7ను మైక్రోసాఫ్ట్ ఒప్పుకోలేదు. నీది ఎనిమిదో తరం.

ఆ ఎక్కకపోవడం ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట రేణిగుంట నుంచి ఒకాయన కొత్త మెషిన్ తెచ్చి 7 వేయమన్నారు. చెప్పి చూశాను, వినలేదు. నేనూ 'చూద్దాంలే' అని మొదలుపెట్టాను. డీవీడీ తిరిగింది, నీలం తెర వచ్చింది, మధ్యలో 'ఇన్‌స్టాల్ నౌ' అని బటన్. మౌస్ కదిపాను. కదల్లేదు. తిప్పి చూస్తే కింద ఎర్ర లైటు లేదు. వెనక ఉన్న నాలుగు యూఎస్‌బీల్లో, ముందున్న రెండింటిలో మార్చి మార్చి పెట్టాను. కీబోర్డు కూడా అంతే, నమ్‌లాక్ లైటు వెలగదు. 7 ఇన్‌స్టాలర్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. 2015లో వచ్చిన ఆరో తరం చిప్‌సెట్ల నుంచి పాత యూఎస్‌బీ కంట్రోలర్‌ను ఇంటెల్ తీసేసింది. బటన్ ఎదురుగా ఉంది, నొక్కడానికి చెయ్యి లేదు. అటక మీద నుంచి గుండ్రటి ఊదారంగు పిన్ను ఉన్న పాత పీఎస్2 కీబోర్డు దుమ్ము దులిపి తగిలిస్తే అప్పుడు ముందుకు కదిలింది. అంతా అయ్యాక నెట్‌వర్క్ లేదు, తెర పెద్దపెద్ద అక్షరాలతో మొరటుగా ఉంది. రెండు రోజులు తిరిగి ఆయనే వచ్చి '10 వేసెయ్ సామీ' అన్నారు. ఆ కీబోర్డు ఇప్పటికీ షాపులో మేకుకు వేలాడుతోంది.

ఏదో పాత సాఫ్ట్‌వేర్ 7 మీదే నడుస్తుందంటే దానికి వేరే దారి ఉంది. వర్చువల్‌బాక్స్ అని ఉచితంగా దొరుకుతుంది. ఇప్పుడున్న విండోస్ లోపలే ఒక కిటికీలో 32 బిట్ 7 నడుపుకోవచ్చు. దానికి నెట్ ఇవ్వకుండా ఉంచితే భయం లేదు. మరీ పాత సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్లు కొన్ని 16 బిట్‌వి, 64 బిట్ విండోస్ వాటిని ముట్టుకోదు. వాటికి కూడా ఈ 32 బిట్ కిటికీయే గతి. కాకపోతే 4 జీబీతో ఈ పని కుదరదు, ర్యామ్ పెంచాలి.

10 విషయంలో నువ్వు తెలుసుకుని దిగాల్సిన తేదీలు రెండు. మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ తర్వాత ఇళ్లల్లో వాడేవాళ్లకు ఒక ఏడాది అదనంగా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు, 2026 అక్టోబర్ 13 దాకా. అవి వాటంతట అవి రావు, చేరాలి. 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే చేరొచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్' అని లింకు కనిపిస్తుంది. కాబట్టి నువ్వు ఇప్పుడు 10కి పోతే శాశ్వతంగా పోతున్నట్టు కాదు, కొన్నాళ్లు అద్దెకు దిగుతున్నట్టు. నీ ఐ3 ఎనిమిదో తరం కాబట్టి 11కి అర్హత ఉన్నదే. కావాలన్నప్పుడు మళ్లీ రావచ్చు.

లైసెన్స్ గురించి టెన్షన్ పడొద్దు. ముందు సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర ఏ ఎడిషనో చూసి కాగితం మీద రాసుకో. హోమా, ప్రోనా, హోమ్ సింగిల్ లాంగ్వేజా? మన దగ్గర కంపెనీ మెషిన్లలో ఈ మూడోది చాలా కనిపిస్తుంది, జనం గమనించరు. హోమ్‌కు బదులు ప్రో వేసి 'యాక్టివేట్ అవలేదు' అని వస్తారు. నీ మెషిన్ 10 మీద అసలు లైసెన్స్‌తో యాక్టివేట్ అయి ఉన్నదే కాబట్టి దాని గుర్తు మదర్‌బోర్డుతో ముడిపడి మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అన్నదే నొక్కి, అదే ఎడిషన్ ఎంచుకో. నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. వంద, రెండు వందలకు నెట్‌లో అమ్మే కీల జోలికి, 'యాక్టివేటర్' అని పెన్‌డ్రైవ్‌లలో తిరిగే వాటి జోలికి పోకు. వాటిని వేసుకుని వైరస్‌తో వచ్చిన మెషిన్లు నా బల్ల మీద చాలానే పడ్డాయి.

ఇప్పుడు అసలు పని. పాత డిస్క్ మీద చేయొద్దని ఎందుకంటున్నానంటే నా చేత్తో నేనే ఒకసారి చేశాను. బైరాగిపట్టెడలో ఒకరింట్లో. మెషిన్‌లో ఒకే సైజు డిస్కులు రెండున్నాయి, ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో వాళ్లమ్మాయి పెళ్లి వీడియో, ఫొటోలు. ఇన్‌స్టాలర్‌లో సీ, డీ అని కనిపించవు. డ్రైవ్ 0, డ్రైవ్ 1, పార్టిషన్ 1, 2 అని మాత్రమే ఉంటాయి. విండోస్‌లో మొదటిది ఇక్కడా మొదటిదే అనుకున్నాను. కాదు. ఏ కేబుల్ మదర్‌బోర్డు మీద ఏ సాకెట్‌లో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. డిలీట్ నొక్కాను, కొత్తగా విండోస్ వేశాను. అయ్యాక తెరిచి చూస్తే పాత విండోస్ భద్రంగా ఉంది, పెళ్లి పోయింది. వారం రోజులు కూర్చుని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగితే ఫొటోలు చాలావరకు వచ్చాయి, వీడియో సగం దగ్గర ఆగిపోతుంది. ఆ అమ్మ ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చింది. అదే ఇంకా బాధ. అప్పట్నుంచి నేను ఫార్మాట్ చేయాల్సిన డిస్క్ తప్ప మిగతావాటి కేబుళ్లు అన్నీ పీకేస్తాను. కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదవడం కంటే కేబుల్ పీకడం మేలు.

నీకు ఎలాగూ ఎస్‌ఎస్‌డీ కావాలి కదా. ఒక 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కేబుళ్లే తగిలే రకం), ఇంకో 4 లేదా 8 జీబీ ర్యామ్ కొను. ఈ మధ్య ధరలు పెరిగాయి, రెండూ ఒకేసారి వద్దనుకుంటే ముందు ఎస్‌ఎస్‌డీ. ర్యామ్‌కు మూత తీసి ఇప్పుడున్న స్టిక్ మీద ఏం రాసుందో ఫొటో తీసుకుని వెళ్లు. ఇక్కడ దొరకనిది చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. దానికోసం చెన్నై వెళ్లే సప్తగిరి రైలు ఎక్కాల్సినంత అరుదైనవేం కావు ఇవి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, హార్డ్ డిస్క్‌కు ఉన్న రెండు కేబుళ్లు తీసి ఎస్‌ఎస్‌డీకి తగిలించు. పాత డిస్క్‌ను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టు. నీ బ్యాకప్ అదే. కొత్తదాని మీద ఎన్ని తప్పులు చేసినా పాతది తగిలిస్తే నిన్నటి కంప్యూటర్ నిన్నటిలాగే లేస్తుంది. నాన్నగారికి అర్జెంట్ పని వస్తే పది నిమిషాల్లో వెనక్కి రావచ్చు. ఫార్మాట్ చేసే దారిలో ఈ సుఖం లేదు.

డిస్క్ తీసే ముందు, అది ఇంకా నడుస్తుండగానే కొన్ని చూసుకో. పేజ్‌మేకర్, అను రెండింటి సీడీలు గానీ సెటప్ ఫైళ్లు గానీ నాన్నగారి దగ్గర ఉన్నాయా? ఇది లేకపోతే ఆగిపో. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోంచి ఫోల్డర్ ఎత్తి కొత్తదాంట్లో పెడితే నడవదు. సీడీ మీద గీతలుంటే, డ్రైవ్ చదవగలిగినప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కూడా కాపీ చేసుకో. శుభలేఖలవాళ్లు ఏళ్లుగా అక్కడా ఇక్కడా పోగేసిన ఫాంట్లు సీడీలో ఉండవు. కొత్త మెషిన్‌లో పాత ఫైలు తెరిస్తే 'పానోస్' అని ఒక పెట్టె వచ్చి, లేని ఫాంటుకు బదులు ఇంకోటి పెట్టమంటావా అని అడుగుతుంది. చూసుకోకుండా ఓకే కొడితే వధువు పేరు గుర్తుల కుప్ప అవుతుంది. దాంతోపాటు లాన్ లేదా వైఫై డ్రైవర్‌ను మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచి దించి పెట్టుకో. నెట్ వస్తే మిగతావి విండోస్ తెచ్చుకుంటుంది, నెట్‌కే డ్రైవర్ లేకపోతే ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి టెథరింగ్ చేసుకోవాలి.

డిస్క్‌లో ఉన్నది వేరేవాళ్లు చదవకుండా విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం పడిందా అన్నది కూడా చూడు. డెస్క్‌టాప్‌లో తక్కువ, 11తో వచ్చే ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే తాళం దానంతటదే పడి ఉంటుంది. జనం సీ ఒక్కటే ఫార్మాట్ చేసుకుని, డీ తెరవబోతే 48 అంకెల కీ అడుగుతుంది. అప్పుడు ముఖాలు తెల్లబోతాయి. ఆ కీ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది, ముందుగా తీసి కాగితం మీద రాసుకోవాలి. లెక్కలకు టాలీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, డిస్క్ మార్చే ముందు లైసెన్స్‌ను సరెండర్ చేసి రండి.

10 పెన్‌డ్రైవ్‌కు మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే మీడియా క్రియేషన్ టూల్ ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, దాంట్లో ఉన్నదంతా పోతుంది. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే 'యూఈఎఫ్ఐ' అని ముందున్నదాన్ని ఎంచుకో. రెండోది ఎంచుకుంటే తర్వాత ఎప్పుడో 11కి మారేటప్పుడు తలనొప్పి. 'అప్‌గ్రేడ్' వద్దు, 'కస్టమ్' నొక్కు. ఖాళీ ఎస్‌ఎస్‌డీ 'అన్‌అలొకేటెడ్' అని ఒకే వరుసలో కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొట్టు, పార్టిషన్లు అదే చేసుకుంటుంది. అక్కడ ఒకటికి మించి వరుసలు కనిపిస్తే నువ్వు పాత డిస్క్ కేబుల్ తీయలేదన్నమాట, అప్పుడు పవర్ బటన్ నొక్కి ఆపెయ్.

అంతా లేచాక మొదటి వారం పాత డిస్క్ ఊసెత్తకు. పేజ్‌మేకర్, అను వేసి, నాన్నగారిని కూర్చోబెట్టి ఏదైనా పాత శుభలేఖ ఒకటి తెరిచి ప్రింట్ తీయించు. ఆయన సరే అన్నాక పాత డిస్క్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో బయటనుంచి తగిలించి ఫైళ్లు కాపీ చేసుకో. పాత యూజర్ ఫోల్డర్ తెరిస్తే 'నీకు అనుమతి లేదు' అంటుంది, 'కంటిన్యూ' నొక్కితే కాసేపటికి తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్ మీద ఉన్నవి మర్చిపోవద్దు. మన తిరుపతిలో నేను చూసిన డీటీపీవాళ్ల (ఇలా కంప్యూటర్ మీద కార్డులు, పేజీలు కొట్టేవాళ్ల) డెస్క్‌టాప్‌లన్నీ 'న్యూ ఫోల్డర్ 14'లతో నిండి ఉంటాయి, అసలు సరుకంతా అక్కడే.

నన్నడిగితే, అదే ఎస్‌ఎస్‌డీ మీద నేను 11నే మళ్లీ శుభ్రంగా వేస్తాను. నీ మెషిన్ దాన్ని మోయగలదు, టైపింగ్ బాధ టిక్కుతో పోతుంది, 2026 అక్టోబర్‌లో 10 గడువు అయిపోయిందని మళ్లీ ఈ పని ఉండదు. టాస్క్‌బార్ మధ్యలో ఉందని నాన్నగారికి చిరాకైతే సెట్టింగ్స్‌లో ఎడమకు జరపొచ్చు. అయినా ఆయన 10 మీదే కూర్చుంటానంటే వేసెయ్, నేను చెప్పిన పద్ధతిలో రెండింటికీ తేడా ఆ పెన్‌డ్రైవ్ ఒక్కటే.

ఒకటి మాత్రం, ముహూర్తాల సీజన్‌లో ఇది పెట్టుకోకు. ఆషాఢమో మూఢమో చూసుకుని, చేతిలో ఆర్డర్లు లేనప్పుడు చెయ్యి. స్కానర్ మోడల్, యాక్టివేషన్ పేజీలో ఉన్న ఎడిషన్ పేరు ఇక్కడ రాయి. ఇన్‌స్టాల్ చేసే రోజు ఆ డ్రైవ్‌ల వరుస కనిపించే తెర దగ్గర ఆగి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టు. చూసి చెప్తాను, అప్పుడు నెక్స్ట్ నొక్కుదువు.